చివరి పాటలో గొంతు

హల్,
మార్చి 22, 1992, ఆదివారం.

హేజెల్ అక్కకు, నీ తమ్ముడు మాల్కం ప్రేమతో రాస్తున్నది.

ఇక్కడ అమ్మా నేనూ బాగున్నాం. బాగున్నాం అంటే వేళకు లేస్తున్నాం, వేళకు ఏదో తింటున్నాం. అంతకంటే ఎక్కువ అర్థం చెప్పుకోకు. నీ ఆపరేషన్ కుట్లు పూర్తిగా మానాయనీ, ట్రెవర్ బావ, పిల్లలిద్దరూ కులాసాగా ఉన్నారనీ నీ ఉత్తరం వల్ల తెలిసింది. అది వచ్చి మూడు వారాలు దాటింది. ఇంత ఆలస్యం చేయడానికి కారణం పని కాదు. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను.

అమ్మ మోకాలు అలాగే ఉంది. చలి తగ్గితే తగ్గుతుందని డాక్టరు అంటాడు. చలి తగ్గడం లేదు. వెనక గదిలో గోడ చెమ్మెక్కి కాగితం ఊడి వచ్చింది, నేను మళ్లీ అంటించాను. మేడ మీదకు ఎక్కలేక అమ్మ కింది గదిలోనే పడుకుంటోంది. అది మన నెవిల్ చివరి రోజుల్లో పడుకున్న గది. మంచం మార్చుదామన్నాను, వద్దంది.

వాడి అంత్యక్రియలకు ఎవరెవరు వచ్చారని అడిగావు. నువ్వు రాలేకపోయానని ఇంకా బాధపడుతున్నావు. కుట్లతో అంత దూరం విమానంలో ఎలా వస్తావు అక్కా. ఆ మాట ఇంక రాయకు.

ముప్ఫై అయిదుగురు దాకా వచ్చారు. ఎక్కువమంది నాన్నతో చేపల రేవులో పనిచేసినవాళ్లే. వాళ్లకు నెవిల్, నేను కలిసి చేసే పాటలు ఏ రోజూ నచ్చలేదు. రంగు పూసుకున్న మొహాలతో మేం మొదటిసారి టీవీలో కనబడినప్పుడు నాన్నను క్లబ్బులో ఏడిపించుకు తిన్నది వాళ్లే. ఆ రోజు మాత్రం ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వరసగా నిలబడ్డారు. మొదట అడిగిన అంత్యక్రియల సంస్థ వాళ్లు జబ్బు పేరు వినగానే ఖాళీ లేదన్నారు. రెండోవాళ్లు ఒప్పుకున్నారు గానీ పెట్టె మూసే ఉంచాలన్నారు. అందుకని అమ్మ వాడి మొహం ఆఖరిసారి చూడలేదు.

పక్కింటి ఐవీ పాష్‌బీ గేటు దాకా వచ్చి ఆగిపోయింది. ముప్ఫై ఏళ్లుగా మనింట్లో టీ తాగిన మనిషి. నెవిల్‌కు వచ్చింది ఎయిడ్స్ అని పేపర్లో పడ్డాక, మనింటికి వస్తూ తన కప్పు తనే సంచిలో తెచ్చుకుంది. ఆ రోజు నేను వంటింట్లోనే ఉన్నాను.

"ఏం ఐవీ, మా ఇంట్లో కప్పులన్నీ పగిలిపోయాయని ఎవరైనా చెప్పారా?" అంది అమ్మ.

"అది కాదు విన్నీ. మా డాక్టరు ఎందుకైనా మంచిదన్నాడు."

"ఏ డాక్టరు? నీ కాళ్లకు కట్టు కట్టేవాడా?"

ఐవీ కప్పు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత మళ్లీ గుమ్మం తొక్కలేదు. అమ్మకు పొద్దుపోని మధ్యాహ్నాలు ఎక్కువయ్యాయి.

సమాధి రాయి మీద ఏం రాయించామని అడిగావు. పేరు, తారీఖులు, 'విన్నీ, హారీల కొడుకు' అని. అంతే. 'గాయకుడు' అని రాయించమని పాటల కంపెనీ వాళ్లు అడిగారు. అమ్మ వద్దంది. "నేను కన్నది కొడుకుని. గాయకుడు ఎక్కణ్ణించి వచ్చాడో నాకు తెలీదు" అంది.

ఇక ఆ పాటల సంకలనం గురించి. మీ ఊళ్లో కూడా దొరుకుతోందనీ, చిన్నమ్మాయి స్కూలు నుంచి రాగానే అదే పెడుతోందనీ రాశావు. అది ఎలా వచ్చిందో నీకు మొదటి నుంచీ తెలియదు కనక చెబుతాను.

పోయిన ఏడాది జూన్‌లో కంపెనీ తరఫున మిస్ లాథమ్ ఫోన్ చేసింది. మా బృందం 'పేపర్ హార్బర్' మొదలై పదేళ్లయింది కాబట్టి పేరొచ్చిన పాటలన్నీ కలిపి క్రిస్మస్‌కు ముందు ఒకే రికార్డుగా వేద్దామంది. నెవిల్ జబ్బు సంగతి ఆవిడకు అప్పటికే తెలుసు. తెలిసే అడుగుతోందని నాకూ తెలుసు. నెవిల్‌కు చెప్పాను. సోఫాలో దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడు. అప్పటికి చేతులు పుల్లల్లా అయిపోయాయి.

"ఎన్ని పాటలంట?" అన్నాడు.

"పదహారు."

"ఒరే అన్నయ్యా, మనకు హిట్టయినవి తొమ్మిది. మిగతా ఏడూ ఎవరివంట?"

"నువ్వు పడుకో. నేను ఏరతాను."

"నువ్వు ఏరితే అన్నీ నీ కీబోర్డు మోతే ఉంటుంది. మధ్యలో మనిషి గొంతు ఉందో లేదో వెతుక్కోవాలి."

అలా రెండు వారాలు పోట్లాడుకుంటూ పదిహేను ఏరాం. ఆ రెండు వారాలూ వాడు కాస్త తిన్నాడు, కాస్త నవ్వాడు. పాత క్యాసెట్లన్నీ నేల మీద పరిచి ఒక్కోటీ వినిపించమనేవాడు. కొన్ని పాటలు వింటూ, ఇంత సిగ్గులేకుండా ఎలా రాశాం అని దుప్పటిలో మొహం దాచుకునేవాడు. నాన్న పోయిన ఏడు మేం చేసిన ఒక పాట వచ్చినప్పుడు మాత్రం దుప్పటి తీసి లేచి కూర్చున్నాడు. అది తప్పకుండా ఉండాలన్నాడు.

పదహారోది కొత్త పాట కావాలన్నారు కంపెనీ వాళ్లు. కొత్తది ఒక్కటి లేకపోతే పాతవి కొన్నవాళ్లు మళ్లీ కొనరట. దాని బాణీ నాది, మాటలు నెవిల్‌వి. ఓడలు తిరిగొచ్చే రోజు రేవు గేటు దగ్గర నిలబడే ఆడవాళ్ల మీద రాశాడు. అమ్మ మీద రాశాడనుకో. జనవరిలో మీ రేడియోలో కూడా వేశారన్నావే, అదే. అది వింటూ నువ్వు వంటింట్లో కుర్చీలో కూర్చుండిపోయానని రాశావు. అంత జబ్బుతో ఊపిరి అంతసేపు ఎలా నిలిపాడని అడిగావు.

క్రిస్మస్ రోజు ఫోన్‌లో వాడు నీకు పంపిస్తానన్న టేపు ఏదని కూడా అడిగావు. మూడు వారాలుగా ఉత్తరం రాయలేకపోయింది ఆ ప్రశ్న వల్లే.

అక్కా, ఆ చివరి పాట పాడింది నెవిల్ కాదు. నేను.

సెప్టెంబరు పదమూడున, శుక్రవారం మధ్యాహ్నం, వాణ్ణి కారులో పడుకోబెట్టుకుని బెవర్లీలో స్టూడియోకు తీసుకెళ్లాను. పాతకాలం ప్రార్థన మందిరాన్ని స్టూడియోగా మార్చారు. అక్కడ రికార్డింగ్ చూసే డెస్మండ్ మాకు మొదటి నుంచీ తెలిసినవాడు. నెవిల్ నిలబడలేకపోతే ఎత్తు కుర్చీ వేసి, మైకు వాడి నోటి దాకా దించాడు. పాట మొదలైంది. నాలుగు లైన్ల చరణానికి వాడు ఆరుసార్లు ఊపిరి తీసుకోవలసి వచ్చింది. రెండో చరణంలో దగ్గు తెర వచ్చింది. ఆగి, నీళ్లు తాగి, మళ్లీ మొదలుపెట్టాడు. రాగం పైకి వెళ్లవలసిన చోట గొంతు వెళ్లలేదు. అక్కడ పాట మానేసి ఉత్త మాటగా చెప్పాడు. అలా ముక్కలు ముక్కలుగా గంటన్నర. మధ్య మధ్యలో టేపు తిరుగుతుండగానే ఏదో ఒకటి మాట్లాడుతూ ఉన్నాడు. చివరికి "చాలు, ఇంక రాదు" అన్నాడు. ఇంటికి తీసుకొచ్చి పడుకోబెట్టాను.

సోమవారం మిస్ లాథమ్ స్టూడియోకు వచ్చి విన్నది. విన్నంతసేపూ తల దించుకుంది. ఆ తర్వాత, "దీన్ని నేను బయట పెట్టలేను. వింటే జబ్బే వినిపిస్తోంది. పాత గొంతు వస్తే పాట ఉంటుంది, లేకపోతే పదిహేనుతో సరిపెడదాం" అంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. పదిహేనుతో సరిపెట్టి ఉండవలసింది.

వాడి గొంతు నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. నీకు గుర్తుందో లేదో, ఫోన్‌లో నెవిల్‌లా మాట్లాడి అమ్మ చేత చిప్స్ తెప్పించుకునేవాణ్ణి. డెస్మండ్‌తో అన్నాను, నేను పాడతాను, రికార్డు చెయ్యి అని. అతను వింతగా చూశాడు.

"సరే. టేపులో పక్క ట్రాకు ఖాళీయే, అందులో పాడు. నెవిల్‌ది అలాగే ఉంచుదాం."

"వద్దు. దాని మీదే పాడతాను."

"మాల్కం, పిచ్చా నీకు? చోటుంది కదా. అది చెరిపేస్తే మళ్లీ రాదు."

"ఎవరి చేతికైనా చిక్కితే పేపరువాళ్లకు అమ్ముకుంటారు. వాడి దగ్గు ఊరంతా వినాలా? చెరిపెయ్."

అతను బటన్ నొక్కనన్నాడు. నేనే నొక్కాను. వాడు మాట్లాడిన ముక్కలు కూడా ఆ ట్రాకులోనే ఉన్నాయని తెలిసి నొక్కాను. పాట మొదటి నుంచి చివరి దాకా మూడుసార్లు పాడాను. మూడోసారికి డెస్మండ్ కూడా తల ఊపాడు, అంత సరిగ్గా వచ్చింది.

పేపరువాళ్ల భయం నిజమే. కాని అది సగమే. పదేళ్లు నేను వాడి వెనక కీబోర్డుల దగ్గర నిలబడ్డాను. వీధిలో అమ్మాయిలు నా చేతికి కాగితం ఇచ్చి నెవిల్ చేత సంతకం పెట్టించుకు రమ్మనేవారు. నాకూ పాడాలని ఉండేది. ఆ రోజు ఎర్రదీపం వెలిగి మైకు ముందు నేను ఒక్కణ్ణే నిలబడ్డప్పుడు నాకు సంతోషంగా ఉంది. తమ్ముడు ఇంట్లో చావుకు దగ్గరపడుతుంటే నేను అక్కడ సంతోషపడ్డాను. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా.

అక్టోబరులో వాణ్ణి ఆస్పత్రిలో పెట్టినప్పుడు క్యాసెట్ తీసుకెళ్లాను. చెవులకు పెట్టుకుని కళ్లు మూసుకుని మొత్తం విన్నాడు. తీసేసి నా వైపు చూశాడు.

"దొంగా," అన్నాడు. "బాగా పాడావురా. నాకంటే బాగుంది."

"లాథమ్ ఒప్పుకోలేదు. అందుకని..."

"సంజాయిషీ ఎందుకులే. అమ్మకు చెప్పకు. నేనే పాడాననుకుని కాస్త సంతోషపడుతుంది."

సరిగ్గా అప్పుడే అమ్మ సూప్ ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది. ముందు రోజే నేను ఇంట్లో వినిపించాను. "ఏరా, ఇంత నీరసంలోనూ ఎంత చక్కగా పాడావురా" అని వాడి తల నిమిరింది. వాడు నా వైపు చూసి కన్ను గీటాడు. "జలుబు చేసినా పరవాలేదు కదమ్మా" అన్నాడు. నా నేరాన్ని వాడు తన మీద కప్పుకున్నాడు.

అమ్మ ఫ్లాస్కు కడగడానికి వెళ్లినప్పుడు అడిగాడు.

"మరి నేను పాడింది ఏదిరా?"

"డెస్మండ్ దగ్గర భద్రంగా ఉంది," అన్నాను.

ఏమాత్రం తడుముకోకుండా అన్నాను అక్కా.

"అది హేజెల్ అక్కకు పంపు. పాటకేం గాని, మధ్యలో అక్కతో మాట్లాడాను. ఫోన్‌లో అయితే ఏడుస్తుంది, నేను చెప్పలేను."

పంపుతానన్నాను. క్రిస్మస్‌కు ఇంటికి తీసుకొచ్చాక కూడా రెండుసార్లు అడిగాడు, పంపావా అని. పోస్టులో వేశానని చెప్పాను. ఆ ధైర్యంతోనే నీకు ఫోన్‌లో టేపు వస్తుందని చెప్పాడు. జనవరి నాలుగున పొద్దున్న పోయాడు. అది నీకు అందిందనే అనుకుంటూ పోయాడు.

ఇక అమ్మ సంగతి. పోయిన ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి, ఎప్పటిలాగే టేబుల్ మీద క్యాసెట్ ప్లేయర్ పెట్టుకుంది. ఆవిడ వినేది ఆ ఒక్క పాటే. నీ ఉత్తరం అప్పటికి రెండు వారాలుగా నా జేబులోనే తిరుగుతోంది. "ఇక్కడ చూడు, ఈ లైను దగ్గర ఎంత సేపు గుక్క పట్టాడో" అంది. నేను ఉండబట్టలేక, అది వాడు కాదమ్మా, నేను పాడాను అన్నాను.

అమ్మ ప్లేయర్ ఆపింది. కోప్పడలేదు. "మరి వాడెలా పాడాడు?" అంది.

"పాడలేకపోయాడమ్మా."

"ఆ పాడలేకపోవడం ఎలా ఉంది? నువ్వు విన్నావుగా. చెప్పు."

చెప్పాను. ఎన్నిసార్లు ఆగాడో, ఎక్కడ దగ్గాడో, ఎక్కడ పాట వదిలేసి మాటగా అన్నాడో.

"అలా కాదు. పాడి చూపించు."

"నా వల్ల కాదమ్మా."

"ఊరంతటికీ వాడి గొంతు పాడి వినిపించావు. నాకు మాత్రం నీ వల్ల కాదా?"

పాడాను అక్కా. మొదటి చరణం, వాడు ఊపిరి తీసుకున్న చోటల్లా ఊపిరి తీసుకుంటూ. అమ్మ టేబుల్ అంచు పట్టుకుని కూర్చుంది. నేను దగ్గు దగ్గర ఆగబోతే, "అది కూడా" అంది. అదీ చేశాను. నాలుగో లైను అయ్యాక, "చాలు" అంది. లేచి గిన్నెలు కడిగింది. అప్పటికే కడిగినవి మళ్లీ కడిగింది.

తుడుచుకుంటూ అంది: "అయిదు నెలల నుంచి నీ పాట వింటూ వాడి కోసం ఏడుస్తున్నాను." గుడ్డ ఆరేసి, "హేజెల్‌కు రాయి. అది పిల్లలను కూర్చోబెట్టి ఇది మీ మామయ్య అని చెబుతూ ఉంటుంది" అంది.

అప్పటి నుంచి నాతో అవసరమైనంతే మాట్లాడుతోంది. టీ పెట్టానంటుంది, తలుపు వేయమంటుంది. సంకలనంలో మిగతా పదిహేనూ వాడు పాడినవే, అవి విను అని బతిమాలాను. వాటినీ వినడం లేదు. "ఏది వాడో ఏది నువ్వో నాకింక తెలీదు" అంటోంది. నేను చెరిపింది ఒక్క పాట అనుకున్నాను.

రికార్డు మళ్లీ అచ్చు వేసేటప్పుడు ఆ పాట తీసేయమని, లేదా నా పేరు వేయమని కంపెనీకి రాశాను. ఇప్పుడు చెప్తే ఎవరికి మేలని లాథమ్ అంది. నాకూ తెలియదు. అయినా రాస్తూనే ఉంటాను.

ఇక నీకు రావలసినది ఒకటి ఉంది. ఆ రోజు మైకు ముందు వాడు నీతో మాట్లాడినప్పుడు నేను అద్దం ఇవతల డెస్మండ్ పక్కన ఉన్నాను. సగం వింటున్నాను, సగం మీటలు చూసుకుంటున్నాను. నాకు గుర్తున్నది ఇది, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"అక్కా, నువ్వు ఆస్ట్రేలియా వెళ్లిన రోజు నేను స్టేషన్‌కు రాలేదు. కడుపునొప్పి అన్నాను. నొప్పీ లేదు, ఏమీ లేదు. రైలు గేటు దగ్గర నిలబడ్డాను. నీ రైలు పెట్టె నా ముందు నుంచే వెళ్లింది. నువ్వు తల వంచుకుని చేతిసంచిలో ఏదో వెతుక్కుంటున్నావు. పిలవలేదు. పిలిస్తే నువ్వు దిగిపోతావని భయం వేసింది. నువ్వు దిగిపోతే బాగుండుననీ అనిపించింది. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు."

ఇక్కడ దగ్గు వచ్చింది. నీళ్లు తాగాక మళ్లీ మాట్లాడాడు. ఈసారి ఇంకా ఎక్కువసేపు. నీ చిన్నమ్మాయి పేరు ఒకసారి వచ్చింది. ఒకచోట నవ్వాడు. అప్పుడే డెస్మండ్ నన్ను ఏదో అడిగాడు, నేను అటు తిరిగాను. వాడు ఏమన్నాడో నేను వినలేదు.

పదకొండు వారాలుగా గుర్తు చేసుకుంటూనే ఉన్నాను. డెస్మండ్‌ను అడిగాను, అతనికీ గుర్తు లేదు. వాడు ఎలా మాట్లాడతాడో నాకు తెలుసు. ఆ నాలుగు మాటలూ కూర్చి రాస్తే నువ్వు కనిపెట్టలేవు, చదువుకుని ఊరట పడతావు కూడా. మొన్న ఒక కాగితం మీద రాసి చూశాను. అచ్చం వాడి మాటల్లాగే వచ్చాయి. పొయ్యిలో వేశాను.

నువ్వు జవాబు రాయకపోయినా నేను తప్పు పట్టను. అమ్మకు మాత్రం విడిగా రాయి.

ఇట్లు,
క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లని
నీ తమ్ముడు
మాల్కం